పూల్‌లో 3 కిలోలు, సముద్రంలో 8 కిలోలు: స్కూబాకు సీసం అసలు ఎంత కట్టుకోవాలి?

అలిపిరి_3550
గత నెల పుదుచ్చేరిలో స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేసి తిరుపతికి తిరిగి వచ్చాను. కార్డు చేతికి వచ్చింది గానీ ఒక్క విషయం పది రోజులుగా మనసును తొలుస్తూనే ఉంది. స్విమ్మింగ్ పూల్‌లో నేర్పినప్పుడు నడుముకు 3 కిలోల సీసం కట్టారు, హాయిగా దిగాను. పడవ మీద సముద్రంలోకి వెళ్ళిన రోజు అదే 3 మిల్లీమీటర్ల మందం రబ్బరు వెట్‌సూట్ మీద 8 కిలోలు కట్టారు. ఇంత ఎందుకని అడిగితే, కొత్తవాళ్ళకు అంతే కడతామని, లేకపోతే మునగరని చెప్పారు.

మునగడం మాత్రం రాయిలా మునిగాను. మోకాళ్ళు ఇసుకకు తగిలి, అడుగున ఉన్న మడ్డి అంతా లేచి, నా వెనక వస్తున్నవారికి ఏమీ కనబడకుండా పోయింది. ఒంటికి తొడిగే గాలి జాకెట్, అంటే బీసీడీలోకి గాలి కొడితే పైకి లేస్తాను, వదిలితే కిందికి పోతాను. గిలక మీద చేదలా అలా పైకీ కిందికీ తిరగడంతోనే నలభై నిమిషాలు గడిచిపోయాయి.

అసలు చిక్కు చివర్లో వచ్చింది. పైకి వచ్చే ముందు భద్రత కోసం 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాలు ఆగాలి కదా, నేను ఒక్క నిమిషం కూడా ఆగలేకపోయాను. బుడగలతో పాటు నేనూ పైకి పోతుంటే ఇన్‌స్ట్రక్టర్ నా కాలికున్న ఫిన్ (ఈత రెక్క) పట్టుకుని కిందికి లాగారు. నడుముకు 8 కిలోల సీసం ఉన్న మనిషి తేలిపోవడం ఏమిటి? నా బరువు 72 కిలోలు, సిలిండర్ అల్యూమినియంది. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి 10 కిలోలు అడగమంటారా?

చంద్రగిరి_కోట
అడగండి. నా బరువు 90 కిలోలు, నేను ఎప్పుడూ 10 కట్టుకుంటాను, ఏ ఇబ్బందీ లేదు. పైకి తేలిపోవడం కన్నా కింద ఉండడమే క్షేమం.

స్వర్ణముఖి_ఇసుక
దయచేసి 10 అడగకండి. మీరు తేలిపోయింది బరువు తక్కువై కాదు, ఎక్కువైనందువల్లే. వినడానికి తలకిందులుగా ఉన్నా నా అనుభవంలో చాలామంది కొత్తవారికి జరిగేది ఇదే.

మీకు నిజంగా కావలసింది ఐదున్నర కిలోలు అనుకుందాం. ఎనిమిది కడితే రెండున్నర కిలోలు అదనం. ఆ అదనపు బరువు మిమ్మల్ని అడుగుకు లాగుతూ ఉంటుంది కనుక దాన్ని నిలబెట్టడానికి బీసీడీలో రెండున్నర లీటర్ల గాలిని అదనంగా నింపి ఉంచుకోవాలి. సీసం బరువు ఏ లోతులోనైనా అంతే ఉంటుంది, గాలి మాత్రం అలా ఉండదు. ఉపరితలంలో పీడనం 1 బార్ అయితే 10 మీటర్ల దగ్గర 2 బార్లు, 5 మీటర్ల దగ్గర ఒకటిన్నర. 10 మీటర్ల దగ్గర మీ బీసీడీలో 3 లీటర్లుగా ఉన్న గాలి మీరు 5 మీటర్లకు వచ్చేసరికి 4 లీటర్లు అవుతుంది. మీరు ఏ బటనూ నొక్కకుండానే కిలో బరువును ఎత్తే బలం కొత్తగా పుట్టిందన్నమాట. కొంచెం లేస్తే గాలి ఇంకొంచెం పెరుగుతుంది, అది పెరిగితే మీరు ఇంకొంచెం లేస్తారు. 10 కిలోలు కట్టుకుంటే ఆ గాలి ఇంకో రెండు లీటర్లు పెరిగి, తేలిపోవడం ఇంకా వేగంగా జరుగుతుంది.

సరైన బరువుతో ఉన్నవారికి డైవ్ చివర 5 మీటర్ల దగ్గర బీసీడీ దాదాపు ఖాళీగా ఉంటుంది. వ్యాకోచించడానికి అందులో గాలే ఉండదు.

చంద్రగిరి_కోట
లెక్క అర్థమైంది గానీ అందరికీ వర్తిస్తుందని ఒప్పుకోను. కొత్తవాడికి రెండు కిలోలు ఎక్కువ ఇస్తే అలల్లో ఉపరితలం మీద కొట్టుకుపోకుండా అందరితో పాటు దిగుతాడు. పడవ మీద ఆరుగురిని దించే మనిషి ఒక్కొక్కరి బరువునూ తీరికగా తూచగలడా?

స్వర్ణముఖి_ఇసుక
తూచాలనే నేనంటాను, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు చాలు. ఎక్కువ కట్టడం వల్ల దిగడం సులువవుతుందన్న మాట నిజమే. కానీ ఆ సులువు ఒక్క నిమిషానిది, దాని భారం మిగతా నలభై నిమిషాలూ మోయాలి. గాలి నింపిన బీసీడీతో ఈదడమంటే గొడుగు తెరిచి ఎదురుగాలిలో నడవడమే. అలసట పెరుగుతుంది, సిలిండర్‌లో గాలి తొందరగా అయిపోతుంది.

నీవానది_మాస్టారు
చిత్తూరులో ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పాను. సముద్రంలో స్కూబా చేసింది మాత్రం ఒక్కసారే, అండమాన్‌లో. మొదటి ప్రశ్నలోని 3 కిలోలకూ 8 కిలోలకూ మధ్య తేడాలో కొంత న్యాయమైనదే ఉంది, దాన్ని విడదీసి చూద్దాం.

మంచినీరు లీటరుకు కిలో తూగితే సముద్రపు నీరు లీటరుకు దాదాపు 1.025 కిలోలు తూగుతుంది. మీ శరీరం, సిలిండర్, బీసీడీ, సీసం అన్నీ కలిపి ఉజ్జాయింపుగా 100 కిలోలు అనుకోండి. పూల్‌లో మీరు తేలకుండా మునగకుండా నిలిచారంటే 100 లీటర్ల నీటిని తొలగించారని అర్థం. అదే 100 లీటర్ల సముద్రపు నీటి బరువు 102.5 కిలోలు. అంటే సముద్రం మిమ్మల్ని రెండున్నర కిలోల ఎక్కువ బలంతో పైకి నెడుతుంది. ఆ మేరకు పూల్‌లోని 3 కిలోలకు 2.5 కలిపితే 5.5 వస్తుంది. సూట్ అదే, మనిషి అదే, సిలిండర్ అదే అయినప్పుడు మిగిలిన రెండున్నర కిలోలకు నీటి ధర్మం నుంచి ఏ కారణమూ దొరకదు.

ఒక్క సందేహం మాత్రం ఉంది. పూల్‌లో మీరు హాయిగా ఉన్నప్పుడు సిలిండర్ నిండుగా ఉందా, ఖాళీ అవుతూ ఉందా?

అలిపిరి_3550
మాస్టారూ, చివరి రోజు పూల్‌లో గేజ్ 70 బార్ల దగ్గర ఉండగా కూడా అడుగుకు మూరెడు ఎత్తులో నిలవగలిగాను. ఆ ముల్లు బాగా గుర్తుంది, ఎందుకంటే 50కి వస్తే చెయ్యి ఎత్తి చూపమన్నారు.

నీవానది_మాస్టారు
అయితే ఆ 3 కిలోలు నమ్మదగిన లెక్కే. ఎందుకు అడిగానంటే, గాలికి బరువు ఉండదని పిల్లలు ఎలా అనుకుంటారో పెద్దలూ అలాగే అనుకుంటారు. మనకు ఎక్కువగా దొరికే అల్యూమినియం సిలిండర్ లోపలి పరిమాణం దాదాపు 11 లీటర్లు. దాన్ని 200 బార్లకు నింపితే 2,200 లీటర్ల గాలి అవుతుంది, లీటరు గాలి 1.2 గ్రాముల చొప్పున చూస్తే అది రెండున్నర కిలోలకు పైనే. 50 బార్ల దాకా పీల్చేసరికి అందులో రెండు కిలోలు బుడగలై పోతాయి. దిగేటప్పుడు నీటిలో కాస్త బరువుగా ఉన్న సిలిండరే పైకి వచ్చేటప్పుడు తేలే వస్తువుగా మారుతుంది.

తలకోన_జల్లు
ఈ చివరి వాక్యం నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఎంతో బాగుండేది. నేను అలిపిరి గారికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు చేశాను. నిండు సిలిండర్‌తో ఉపరితలంలో సరిగ్గా సరిపోయిందని సంతోషపడి అంతే బరువుతో దిగాను. ముప్పై ఐదో నిమిషానికి నా సిలిండర్ నన్ను వీపు పట్టుకుని పైకి లేపడం మొదలుపెట్టింది. లంగరు తాడును రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు ఆకాశం వైపు ఉండగా, ఆ మూడు నిమిషాలూ గడిపాను. కనుక బరువు తగ్గించమని చెప్పేవారు ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలి.

స్వర్ణముఖి_ఇసుక
తలకోన గారు అడిగింది న్యాయం. నేను చేసే పద్ధతి రాస్తాను.

నీటిలో నిలువుగా ఉండి, సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, బీసీడీలోని గాలి మొత్తం వదిలేస్తాను. కాళ్ళు ఆడించను, ఆడిస్తే ఈ పరీక్షకు అర్థమే లేదు. మామూలుగా పీల్చే ఊపిరిని పీల్చి క్షణం ఆపుతాను. నీటి గీత మాస్క్ అద్దం మధ్యలో, అంటే కళ్ళ ఎత్తున నిలవాలి. అప్పుడు ఊపిరి పూర్తిగా వదిలితే తల మెల్లగా మునగాలి. ఊపిరి వదలకముందే తల మునిగిపోతే బరువు ఎక్కువ, మొత్తం వదిలినా నుదురు బయటే ఉంటే తక్కువ.

ఈ పరీక్షను డైవ్ ముగిశాక, సిలిండర్‌లో 50 బార్లు ఉన్నప్పుడు చేస్తే వచ్చిన జవాబును అలాగే నమ్మవచ్చు. డైవ్‌కు ముందు నిండు సిలిండర్‌తో చేస్తే, వచ్చిన జవాబుకు రెండు కిలోలు కలుపుకోవాలి. తలకోన గారు కలుపుకోలేదు, అందుకే తాడు పట్టుకోవలసి వచ్చింది.

దామలచెరువు_తోతాపురి
నేను ఇంకా కోర్సు చేయలేదు. సిలిండర్ ఉక్కుదైతే కూడా ఈ లెక్కేనా?

స్వర్ణముఖి_ఇసుక
లోపలి గాలి బరువు అంతే కనుక తగ్గేదీ దాదాపు అంతే. కాకపోతే స్కూబాలో వాడే చాలా ఉక్కు సిలిండర్లు ఖాళీ అయినా అల్యూమినియంలా పైకి తేలవు కాబట్టి సీసం రెండు కిలోల వరకు తక్కువ పట్టవచ్చు. ఏ సిలిండర్ ఇచ్చినా పరీక్ష మళ్ళీ చేయండి. వెట్‌సూట్ మారినా అంతే. కొత్త సూట్ ఎక్కువ తేలుతుంది, ఏళ్ళ తరబడి వాడి నలిగిన సూట్ తక్కువ తేలుతుంది.

మోటబావి
మీ బార్లు, లీటర్లు నాకు తెలియవు, కానీ ఈ విద్య మాకు కొత్త కాదు. పలమనేరు వైపు మా ఊరి మోటబావి నాలుగు నిలువుల లోతు. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి పిల్లలను బావిలోకి తోసేవారు. ఈత వచ్చేకొద్దీ బుర్ర ఒకటొకటి విప్పేవారు. పంపుసెట్టు ఫుట్‌వాల్వుకు చెత్త అడ్డుపడితే మా మేనమామ ఒడిలో బండరాయి పెట్టుకుని దిగేవాడు, పని కాగానే రాయి వదిలేసి పైకి వచ్చేవాడు. బిందె పడితే పాతాళగరిగ కోసం ఊరంతా వెతకడం ఎందుకని నేనే దిగి తెచ్చేవాడిని. మొదటి నిలువు దిగడమే కష్టం, రెండో నిలువు దాటాక నీళ్ళే లోపలికి లాక్కుంటాయి. మీరూ గుండెల నిండా ఊపిరి బిగబట్టి దిగండి, భయం పోతుంది.

పుత్తూరు_కట్టు
పెద్దాయన చెప్పిన బావి అనుభవం అక్షరాలా నిజం. అయితే చివరి సలహాను స్కూబా చేసేవారు ఎవరూ పాటించకూడదు. నేను మత్తు వైద్యుడిని, ఊపిరితిత్తులతోనే నా రోజువారీ పని, కనుక కొంచెం వివరంగా చెబుతాను.

బావి గట్టు మీద పీల్చిన ఊపిరి దిగేకొద్దీ నలిగి చిన్నదవుతుంది. అందుకే రెండో నిలువు తరువాత నీళ్ళే లాక్కున్నట్టు ఉంటుంది. పైకి వచ్చేసరికి ఆ గాలి తిరిగి మొదటి పరిమాణానికే వస్తుంది, అంతకు మించదు. స్కూబాలో రెగ్యులేటర్ మీరున్న లోతులోని పీడనంతోనే గాలినిస్తుంది. 10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల నిండా పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది, ఊపిరితిత్తులు రెండింతలు కాలేవు. నిండుగా పీల్చి ఉన్నప్పుడు మీటరు, మీటరున్నర లేచినా ఊపిరితిత్తుల పొర చిరిగే ప్రమాదం ఉంది. స్కూబాలో ఊపిరి ఎన్నడూ ఆపకూడదనే నియమం ఇందుకే. స్వర్ణముఖి గారు చెప్పిన పరీక్షలో క్షణం ఆపడం వేరు, అక్కడ మనిషి ఉపరితలంలోనే ఉంటాడు.

మొదటి ప్రశ్నకు ఇంకో జవాబు కూడా ఇక్కడే ఉంది. ప్రశాంతంగా ఉన్న మనిషి ఒక్కో ఊపిరికి అర లీటరు గాలి తీసుకుంటాడు. బెదిరిన మనిషి గుండెల నిండా పీల్చి, పూర్తిగా వదలకుండానే మళ్ళీ పీలుస్తాడు. మోకాళ్ళ పర్వతం ఎక్కి పైమెట్టు మీద కూలబడినప్పుడు రొమ్ము ఎలా ఎగిరిపడుతుందో గుర్తు చేసుకోండి. అలా లోపల నిలిచిపోయిన గాలి లీటరో, లీటరున్నరో ఉంటే అది నేరుగా కిలో, కిలోన్నర తేలిక. కొత్తవాళ్ళు మునగరని అక్కడివారు చెప్పడానికి మూలం ఇదేనని నా అభిప్రాయం. వారు ఆ భయాన్ని సీసంతో తూచారు.

తలకోన_జల్లు
పుత్తూరు కట్టు అంటే ఎముకలకే అనుకున్నాం, డాక్టరు గారు ఊపిరికి కూడా కట్టు కట్టేశారు.

మోటబావి
డాక్టరు గారి మాట ఒప్పుకుంటున్నాను. లోపల గాలి పీల్చేవాడికీ పైన పీల్చి దిగేవాడికీ ఇంత తేడా ఉందని నాకు తెలియదు. నా సలహా ఎవరూ పాటించవద్దు. మనవడు వచ్చే నెల వెళ్తానంటున్నాడు, వాడికి ఇది చదివి వినిపిస్తాను.

అలిపిరి_3550
డాక్టరు గారూ, మీరు చూసి రాసినట్టే ఉంది. 5 మీటర్ల దగ్గర తేలిపోతున్నానని తెలియగానే నేను చేసిన మొదటి పని పెద్దగా ఊపిరి పీల్చడం. బీసీడీ గొట్టం మీది గాలి వదిలే బటన్ కూడా నొక్కి పట్టుకున్నాను, గాలి మాత్రం బయటికి పోలేదు.

స్వర్ణముఖి_ఇసుక
గొట్టాన్ని ఎక్కడ పట్టుకుని నొక్కారు? గాలి ఎప్పుడూ బీసీడీలో అన్నింటికన్నా ఎత్తైన చోటికి చేరుతుంది. మీరు బోర్లా ఉండి గొట్టాన్ని ఛాతీ దగ్గరే ఉంచి నొక్కితే గాలి వీపు మీదే ఉండిపోతుంది. నిలువుగా లేచి, ఎడమ చేతితో గొట్టాన్ని భుజం కన్నా పైకి చాపి, అప్పుడు నొక్కాలి. అంతకన్నా ముందు ఊపిరి వదలాలి.

ఇంకో మాట. ఊపిరి వదిలిన వెంటనే శరీరం కదలదు, రెండు మూడు క్షణాలు పడుతుంది. ఆ రెండు క్షణాలు ఓపిక పట్టలేక మనం బటన్ నొక్కుతాం, రెండూ కలిసి ఒకేసారి పనిచేస్తాయి, అప్పుడు దాన్ని సరిచేయడానికి ఇంకో బటన్ నొక్కుతాం. మీ గిలకబావి ప్రయాణంలో సగం అక్కడే పుట్టింది.

తలకోన_జల్లు
బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ అన్నది కూడా చూడండి. నా బెల్టులో సీసం మొత్తం నడుము వెనక్కి జారి ఉండేది, కాళ్ళు కిందికి వేలాడేవి. ఏటవాలుగా ఉన్న మనిషి ఫిన్ తన్నిన ప్రతిసారీ ముందుకే కాదు, పైకి కూడా పోతాడు. ఆ పైకి పోయే బలాన్ని అణచడానికి నేను తెలియకుండానే బరువు ఎక్కువ కట్టుకునేదాన్ని. తన్నడం ఆపితే మునిగేదాన్ని. ఒక డైవ్‌లో వెనక వచ్చిన అక్క ఒకావిడ నా బెల్టు నుంచి ఒక కిలో తీసి సిలిండర్ పట్టీకి, భుజాలకు దగ్గరగా కట్టింది. అంతే, నీళ్ళ మీద చాప పరిచినట్టు అడ్డంగా నిలిచాను. అలిపిరి గారు ఈసారి కాసేపు కాళ్ళు కదపకుండా ఆగి చూడండి, మునుగుతున్నారో తేలుతున్నారో అప్పుడే నిజం తెలుస్తుంది.

చంద్రగిరి_కోట
నేను మొదట రాసిన మాట వెనక్కి తీసుకోవడం లేదు గానీ ఈ తన్నడం సంగతి ఆలోచించవలసిందే. నా 10 కిలోలలో కాళ్ళ బరువు ఎంతుందో ఈసారి చూస్తాను. ఇదంతా కళ్యాణి డ్యామ్‌లో సాధన చేసుకోవచ్చా?

స్వర్ణముఖి_ఇసుక
వద్దు. అది తాగునీటి జలాశయం. తెలిసినవారి పర్యవేక్షణలో పూల్ చాలు, అక్కడ వచ్చిన లెక్కకు మాస్టారు చెప్పిన రెండున్నర కలుపుకుంటే సముద్రానికి మంచి మొదటి అంచనా దొరుకుతుంది.

అలిపిరి_3550
నిన్న రాత్రి తిరిగి వచ్చాను, జరిగింది రాస్తున్నాను.

ఈసారి వేరే చోటికి వెళ్ళాను. 6 కిలోలు చాలని చెబితే, ఇన్‌స్ట్రక్టర్ తన దగ్గర అదనంగా రెండు ఉంచుకుంటానని, అవసరమైతే ఇస్తానని ఒప్పుకున్నారు. మొదటి రెండు నిమిషాలు దిగలేకపోయాను. అప్పుడు డాక్టరు గారి మాట గుర్తొచ్చి, లోపల మిగిలి ఉన్నదంతా, పాట చివర రాగం తీసినట్టు, పొడుగ్గా వదిలాను. మాస్క్ అద్దం మీద నీటి గీత ముక్కు నుంచి కళ్ళకు, కళ్ళ నుంచి పైకి పోయింది. ఆ రెండు కిలోలు అడగవలసిన అవసరం రాలేదు.

డైవ్ చివర 50 బార్లతో ఉపరితలంలో పరీక్ష చేస్తే ఊపిరి వదలకుండానే మెల్లగా మునిగాను. రెండో డైవ్‌కు కిలో తీసేశాం. 5 కిలోలతో 5 మీటర్ల దగ్గర తాడుకు జానెడు దూరంలో, దాన్ని పట్టుకోకుండా ఆగాను. తాడు ముడి ఒకటి నా కళ్ళ ఎదురుగా ఉండేది. ఊపిరి పీలిస్తే ముడి గడ్డం దాకా దిగేది, వదిలితే నుదుటి దాకా లేచేది. మూడు నిమిషాలూ ముడి ఆ మధ్యలోనే ఉంది. పైకి వచ్చేసరికి సిలిండర్‌లో 80 బార్లు మిగిలాయి, పోయినసారి అంతే సేపటికి 50 కూడా మిగల్లేదు.

నీవానది_మాస్టారు
నా లెక్క 5.5, మీ ఒళ్ళు చెప్పింది 5. అయితే 80 బార్లంటే సిలిండర్‌లో 50 బార్ల కన్నా దాదాపు 400 గ్రాముల గాలి ఎక్కువ ఉందన్నమాట. 50 బార్ల దగ్గర ఈ 5 కిలోలు నిలుస్తాయో లేదో ఇంకోసారి చూసుకోండి, అప్పుడే ఆ అర కిలో సంగతి తేలుతుంది.

స్వర్ణముఖి_ఇసుక
ఈ రోజే లాగ్‌పుస్తకంలో రాసుకోండి: 72 కిలోలు, 3 మిల్లీమీటర్ల సూట్, అల్యూమినియం సిలిండర్, సముద్రం, 5 కిలోలు, చివర 80 బార్లు.

అలిపిరి_3550
రాశాను. పక్కనే మాస్టారి అర కిలోకు ఒక ప్రశ్నార్థకం కూడా పెట్టాను.

చంద్రగిరి_కోట
శనివారం నేనూ వెళ్తున్నాను. 10తో కాదు, 8తో మొదలుపెడతాను. తలకోన గారూ, సిలిండర్ పట్టీకి కట్టిన ఆ కిలో జారకుండా దేనితో బిగించారో చెప్పగలరా?

తలకోన_జల్లు
చిన్న జేబు సంచి ఒకటి పట్టీలోకి దూర్చి, అందులో సీసం పెట్టి మూత బిగించాం. జేబు లేకపోతే పట్టీని సీసం దిమ్మకున్న చీలికల్లోంచి దూర్చి, బకిల్ వేసే ముందు ఒకసారి మెలిపెట్టండి. అత్యవసరంలో విప్పి వదిలేయవలసిన బరువు మాత్రం బెల్టులోనే ఉంచుకోండి, మొత్తం పైకి మార్చవద్దు.